వీపుకు గడియ లేని ఊరు

పాలకంచర్ల మునిసిపాలిటీలో కొత్త డేటాబేస్ సర్వర్‌ను ప్రారంభించిన శుక్రవారం ఉదయం, ఊళ్ళో ప్రతి మనిషికీ వీపు మీద, రెండు భుజాల ఎముకల నడుమ, అరచేయంత తలుపు మొలిచింది. తలుపు తీస్తే లోపల తెల్లటి పలక. పలక మీద ఆ మనిషి పేరు, వయసు, ఇల్లు, అయినవాళ్లు, రక్తం గ్రూపు అన్నీ వరసగా రాసి ఉన్నాయి. ఎవరైనా తీసి చదవొచ్చు. ఎవరైనా వేలితో తుడిచి ఇంకోటి రాయొచ్చు. రాసింది రాసినట్టు జరుగుతుంది. తలుపుకు గడియ లేదు.

ఇదెక్కడి చోద్యమని ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఆ రోజంతా ఊరు వీపు గోక్కుంది. మర్నాడు పాలు కాచుకుని, పిల్లల్ని బడికి పంపి, ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. బజార్లో దర్జీ మస్తాన్ తలుపు జాకెట్టు కనిపెట్టాడు. వీపు మీద చిన్న గుడ్డ రెప్ప, దానికి రెండు హుక్కులు. ఇక క్యూల్లో జనం ఒకరి వెనక ఒకరు నిలబడడం మానేసి, గోడకు వీపులు ఆనించి పక్కపక్కకు జరగడం నేర్చుకున్నారు. పోలీసులు కూడలిలో ఒక బోర్డు పెట్టి, దాని మీద "మీ వీపుకు మీరే బాధ్యులు" అని రాయించి చేతులు దులుపుకున్నారు.

అసలు ఇది ఎలా జరిగిందో అందరికీ తెలుసు. దాచిందేమీ లేదు. సర్వర్ ప్రారంభానికి పురోహితుడు పెట్టిన ముహూర్తం పదీ ఇరవైకి. పదిన్నరకు రాహుకాలం. చైర్‌పర్సన్ పట్టుచీర కట్టుకుని వచ్చింది. కమిషనరు కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. సర్వర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. బొత్తాం నొక్కితే అది "అనుమతి లేదు" అంది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే మాట. తన ఫైళ్లు తనే తెరవలేకపోతోంది. కంపెనీ పంపిన ఇంజనీరుకు చెమటలు పట్టాయి. ఏ ఫైలు ఎవరు తెరవాలో చూసి, వాళ్లకు మాత్రమే అనుమతి ఇవ్వాలని అతను చదువుకున్నాడు. దానికి అరగంట పడుతుంది. రాహుకాలం అరగంట ఆగదు. అందుకని అతను అన్ని ఫైళ్ల మీదా లోకంలో అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేశాడు. సర్వర్ లేచి కూర్చుంది. కాయ పగిలింది. చప్పట్లు కొట్టారు. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాడు ఇంజనీరు. సోమవారం అతన్ని వేరే ఊరి సర్వర్‌కు పంపించారు.

ప్రతి ఫైలుకూ ముగ్గురు మనుషులుంటారట. సొంతదారు, సొంతదారు బృందం, మిగతా లోకం. ముగ్గురికీ మూడు హక్కులు ఇవ్వొచ్చు: చదవడం, రాయడం, నడిపించడం. పాలకంచర్లలో ఎవరి పలక తీసి చూసినా పై వరసలో సొంతదారు అన్నచోట ఒకటే పేరు, ఆ కంపెనీది. మరి వీపు ఎవరిదో ఆ మనిషి? ఆ మనిషి మిగతా లోకంలో ఒకడు. అతనికీ అందరితో సమానంగా హక్కుంది, కాదనలేదు. కాకపోతే సొంత చేయి సొంత వీపు నడిమికి అందదు. ఊరంతటికీ అందుతుంది, తనకే అందదు. ఒళ్లు మండదూ మరి? ఇక మూడోదైన నడిపించే హక్కును ఎక్కువగా వాడుకున్నది సభలకు జనాన్ని తోలుకెళ్లేవాళ్లు. ఇదివరకులా బిర్యానీ పొట్లాలు పంచే శ్రమ వాళ్లకు తప్పింది.

సరిచెయ్యమని అడిగినవాళ్లు లేకపోలేదు. సరిచెయ్యాలంటే సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. మొదలుపెట్టాలంటే మళ్లీ ముహూర్తం కావాలి. అప్పటికి మూఢం వచ్చేసింది. మూఢం వెళ్లేసరికి ఆషాఢం. ఈలోగా కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఇది లోపం కాదు, మా సాఫ్ట్‌వేర్ పుట్టుక నుంచీ ఇట్లాగే వస్తుంది, కొనుక్కున్నవాళ్లే జాగ్రత్తగా మార్చుకోవాలి, అని. మార్చుకుందామని కూర్చుంటే, మార్చే అధికారం సొంతదారుకే ఉందంది సర్వర్. సొంతదారు కంపెనీ. చైర్‌పర్సన్ ఈ సంగతంతా విని, ప్రజల వివరాలు ప్రజల చేతుల్లో ఉండడం కంటే పారదర్శకత ఏముంటుందని ఒక సభలో ప్రశ్నించింది. నడిపించి తెచ్చిన జనం నడిపించినట్టే చప్పట్లు కొట్టారు.

ఆ ఊళ్ళోనే హైమవతి బస్టాండు ఎదురుగా కర్రీ పాయింటు నడుపుతుంది. భర్త రాఘవులు లారీ ప్రమాదంలో పోయాడు. ఒక్కతే కూతురు తన్విక, అయిదో తరగతి. వంకాయ కూర ప్యాకెట్లు కట్టి, సాంబారు పోసి, ఆ పిల్లను ఇంగ్లీషు మీడియం బడికి పంపుతోంది. హైమవతికి ఎవరితోనూ గొడవల్లేవు. నోరు మాత్రం పెద్దది. అన్యాయమనిపిస్తే ఎదుట ఉన్నది ఎవరని చూడదు.

ఇంటిపన్ను కట్టడానికి ఆఖరి రోజున హైమవతి మునిసిపల్ ఆఫీసుకు వెళ్లింది. ఆ రోజే కౌంటరు పక్క గోడకు రంగు వేశారు. ఆనుకోవద్దని బోర్డు పెట్టారు. దాంతో జనం పాతకాలం లాగా ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. హైమవతి వెనక నిలబడ్డవాడు పాల డిపో పట్టాభి. అతనికి పిల్లల్లేరు. ఒక్కగానొక్క ఆడపిల్ల ఉన్న కుటుంబాలకు ఇంటి స్థలం ఇచ్చే పథకానికి ఆ రోజే ఆఖరు. ఎదురుగా వీపు, వీపు మీద తలుపు, తలుపులో "సంతానం: తన్విక" అన్న వరస. అతను దుర్మార్గుడేమీ కాదు. ఎవరినీ ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. వేలితో ఆ పేరు తుడిచి, "లేరు" అని రాసి, ఇంటికెళ్లి తన భార్య శశిరేఖ వీపు మీద "తన్విక" అని రాశాడు. అటు తుడిచి ఇటు రాస్తే, పిల్ల వీపు మీద తల్లి పేరు దానంతటదే మారిపోతుంది. పెద్దవాళ్ల పలక మీద రాసినవి పైపైనే ఉంటాయి. పిల్లల పలకలు మెత్తన. రాసింది వెంటనే లోపలికి ఇంకిపోతుంది.

సాయంత్రం బడి వదిలినా తన్విక ఇంటికి రాలేదు. హైమవతి పొయ్యి ఆపేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధులన్నీ వెతికింది. చివరికి పాల డిపో వెనక సందులో, పట్టాభి ఇంటి అరుగు మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటూ కనబడింది పిల్ల.

"ఇక్కడేం చేస్తన్నావే? లే, ఇంటికి పోదాం."

తన్విక తల ఎత్తి చూసింది. "మా ఇల్లు ఇదే కదా ఆంటీ" అంది.

లోపల్నుంచి శశిరేఖ వచ్చింది. చేతిలో దువ్వెన ఉంది. హైమవతి ముఖం చూసి ఆమెకు సంగతి అర్థమైంది, కానీ దువ్వెన కింద పెట్టలేదు.

"నేను కన్నట్టు నాకూ గుర్తు లేదమ్మా, అబద్ధమెందుకు చెప్పాలి" అంది శశిరేఖ. "కానీ మధ్యాహ్నం నించి నా బిడ్డే అనిపిస్తా ఉంది. దానికి ఏం ఇష్టమో కూడా తెలుస్తా ఉంది. నేనేం చేసేది చెప్పు."

"నా పిల్లను నాకు పంపించు. అదీ చేసేది."

"నేను పంపిస్తే మాత్రం అది వస్తదా?"

తన్విక శశిరేఖ కొంగు పట్టుకుని వెనక్కి నక్కింది. హైమవతి ఆ అరుగు ముందే నిలబడి, పట్టాభిని నోటికొచ్చినట్టు తిట్టి, ఏడుస్తూ ఇంటికి వచ్చింది. పట్టాభి ఇంట్లోనే ఉన్నాడు. తలుపు చాటున వీపు గోడకు ఆనించి నిలబడ్డాడు.

మర్నాడు ఆమె సిస్టమ్స్ ఆఫీసరు మురహరి దగ్గరికి వెళ్లింది. మురహరి మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ చూపించాడు. ఫ్యాను వేశాడు. కంప్యూటర్లో ఎవరి ఫైలు ఎవరు ఎప్పుడు మార్చారో చెప్పే చిట్టా తెరిచి, వేలు పెట్టి చూపించాడు.

"ఇదిగోనమ్మా. నిన్న మధ్యాహ్నం సంతానం వరస మారింది. మార్చినవారు అన్నచోట హైమవతి అని ఉంది. అంటే మీరే."

"నేనా? నా పిల్లను నేనే తుడిపేసుకున్నానా?"

"చిట్టా అబద్ధం చెప్పదమ్మా."

"ఈ చిట్టా మీద ఎవురైనా రాయొచ్చా?"

"రాయొచ్చు. అదీ అందరికీ తెరిచే ఉంది." మురహరి దాచలేదు. "కానీ ఇంకెవరో రాశారని మీరు రుజువు చెయ్యాలి కదా."

"నా వీపు నాకే అందదు సారూ. నేనెట్టా రాస్తా?"

మురహరి ఈ మాట మీద నిజంగానే ఆలోచించాడు. ఇందులో న్యాయం ఉందని ఒప్పుకున్నాడు. సొంత వీపు నడిమికి చేయి అందదని ప్రభుత్వ వైద్యుల దగ్గర ధ్రువీకరణ తెస్తే ఫిర్యాదు తీసుకుంటానన్నాడు. ఆవిడ ప్రభుత్వాసుపత్రికి వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ ఆమెను గోడవైపు తిప్పి నిలబెట్టి, పైనుంచి ఒకసారి, నడుము పక్క నుంచి ఒకసారి చేయి పెట్టించి చూసి, అందదని రాసి సంతకం పెట్టి ముద్ర వేసింది. మురహరి ఆ కాగితం తీసుకుని, పరిశీలనకు పైకి పంపాడు. పరిశీలన అంటే ఎంత కాలమో అతనికీ తెలియదు. పైన ఎవరుంటారో అంతకన్నా తెలియదు.

కాళ్లకు బలపం కట్టుకుని ఆ ఆఫీసు చుట్టూ తిరిగింది హైమవతి. దర్జీ మస్తాన్ ఇదంతా చూస్తూ ఉన్నాడు. అతని కొట్టు కర్రీ పాయింటు పక్కనే. తన్విక యూనిఫారాలన్నీ అతనే కుట్టాడు.

"నువ్వు ఆఫీసు చుట్టూ ఎందుకు తిరుగుతావు చెల్లెమ్మా" అన్నాడొక రోజు. "తలుపు ఊరందరికీ తెరిచే ఉంది గదా. ఆళ్లు రాసింది నేను తుడిచేస్తా. నీ పిల్ల పేరు నేను రాస్తా."

ఆవిడ వెనక్కి తిరిగి నిలబడింది. మస్తాన్ వేలు తన చొక్కాకు తుడుచుకుని, "లేరు" చెరిపేసి, "తన్విక" అని దిద్దినట్టు రాశాడు. కాసేపటికి పిల్ల పుస్తకాల సంచి ఊపుకుంటూ కర్రీ పాయింటుకు పరిగెత్తుకొచ్చింది. హైమవతి దాన్ని హత్తుకుని ఇంకా వదలకముందే, పాల డిపో సందులో పట్టాభి శశిరేఖ వీపు మీద మళ్లీ రాశాడు. పిల్ల చేతుల్లోంచి విడిపించుకుని, "సారీ ఆంటీ, పొరపాటున ఇటొచ్చాను" అని వెళ్లిపోయింది.

మస్తాన్‌కు కొట్టు ఉంది, పండగ బట్టలున్నాయి. పొద్దస్తమానం ఆవిడ వెనక వేలు పట్టుకుని నిలబడలేడు. హైమవతి రాత్రంతా ఆలోచించి, తెల్లవారగానే అతని దగ్గరికి వచ్చింది. పలక మీద "చేయి పొడవు" అని ఒక వరస ఉందని ఆమెకు ఆసుపత్రిలో తెలిసింది. ప్రజల చేతుల పొడవు ఎందుకు సేకరించారో ఎవరికీ తెలియదు. ఫారంలో గడి మిగిలిందని సేకరించారంటారు.

"కుడిచెయ్యి పొడవు పెంచి రాయి మస్తానన్నా."

"ఎంత పెట్టమంటావు?"

"నా వీపు నాకు అందేంత."

మస్తాన్ టేపు తీసి భుజం నుంచి వీపు నడిమికి కొలిచి, కుట్టుకు కాస్త వదిలి, అంకె వేశాడు. హైమవతి కుడిచేయి మోకాలి దాకా దిగింది. చూడ్డానికి బాగాలేదు. ఆవిడకు ఆ చింత లేదు. ఆ చేయి వెనక్కి వంచి, తడుముకుని, తన తలుపు తనే తీసుకుని, తన పిల్ల పేరు తనే రాసుకుంది.

ఆ రోజు పట్టాభి స్థలాల లాటరీకి జిల్లా కేంద్రానికి వెళ్లాడు. మధ్యాహ్నం తన్విక బడి నుంచి నేరుగా వచ్చింది. "అమ్మా, ఆకలేస్తంది" అంది. హైమవతి దుకాణం మూసేసి, ఇంటికి తీసుకెళ్లి, తలంటి, వేడన్నంలో నెయ్యి వేసి కలిపి ముద్దలు పెట్టింది. పిల్ల బడి కబుర్లు చెబుతూ తింది. అమ్మ చేయి పొడుగైందేమని అడిగింది. నిన్ను ఎత్తుకోడానికే అంది హైమవతి. పిల్ల నవ్వింది. ఇంకో ముద్ద నోటి దగ్గర ఉండగా పట్టాభి ఊళ్లోకి వచ్చాడు కాబోలు. తన్విక నవ్వు ఆపేసి, కంచం వైపు చూసి, ముద్ద పెట్టబోతున్న చేతి వైపు చూసి, లేచి నిలబడి మూతి తుడుచుకుంది. "థాంక్స్ ఆంటీ. మా అమ్మ ఎదురుచూస్తా ఉంటది" అంది. హైమవతి చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

ఆ తర్వాత రాయడం, తుడవడం, మళ్లీ రాయడం. పిల్ల ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య నడుస్తూనే ఉంది. హైమవతి ఒక రోజు కూరగాయల బజారు నుంచి వస్తుంటే, నాలుగు వీధులు కలిసే చోట తన్విక ఎండలో నిలబడి కనిపించింది. ఏ పక్కకు పోవాలో తెలియక అటొక అడుగు, ఇటొక అడుగు వేస్తోంది. ఒళ్లు కాలిపోతోంది. తలుపు తీసి చూస్తే, మారి మారి తల్లి పేరు ఉండాల్సిన చోట పలక అరిగిపోయి చర్మం కందిపోయింది. హైమవతి పిల్లను భుజాన వేసుకుని, తిన్నగా పాల డిపో సందుకు పోయి, శశిరేఖ చేతికిచ్చింది.

"జొరం తగ్గిందాకా నేను రాయను. నీ మొగుణ్ణి కూడా వేలు దగ్గర పెట్టుకోమను" అంది. "ఈలోగా నా వీపుకి గడియ పెట్టించుకుని వస్తా. గడియ పడ్డాక రాస్తా. అప్పుడు తుడవమను చూద్దాం."

శశిరేఖ పిల్లను లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టింది. పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేసింది.

సోమవారం మునిసిపల్ హాల్లో ప్రజా విన్నపాల దినం. వచ్చిన ప్రతి ఫిర్యాదూ వారంలోగా పరిష్కారం కావాలని పైనుంచి ఉత్తర్వు. పాలకంచర్లలో అన్నీ పరిష్కారమయ్యాయి, హైమవతిది తప్ప. ఆ ఒక్కటీ ఎందుకు మిగిలిందని కమిషనరు పొద్దున్నే మురహరిని నిలదీశాడు. మురహరి ఆమెను చూడగానే లేచి నిలబడి, కుర్చీ జరిపి, అటెండరుకు టీ చెప్పాడు.

"పరిశీలన రిపోర్టు వచ్చిందమ్మా" అన్నాడు. "మీ చేయి ఇప్పుడు వీపుకు అందుతోంది. అందువల్ల ఆసుపత్రి కాగితం చెల్లదు. చేయి అందుతుంది కాబట్టి, చిట్టాలో ఉన్నట్టు ఆ రోజు మార్చింది మీరేనని తేలింది."

"ఆ రోజు అందలేదయ్యా. తర్వాత పెంచుకున్నా. నా పిల్ల కోసం పెంచుకున్నా."

"తర్వాత అని ఎక్కడా రాసి లేదమ్మా. పలక మీద ఇప్పుడున్నదే ఉంటుంది."

అప్పుడు హైమవతి లేచింది. హాల్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"మీకు ముహూర్తం దాటిపోద్దని మా వీపులన్నీ తెరిచి పెట్టారు" అంది. "దారిన పోయే ప్రతివాడూ వేలు పెట్టొచ్చు. దొంగ తీసుకుపోతే దొంగను పట్టుకోరు, పోగొట్టుకున్నదాన్ని రుజువు తెమ్మంటారు. తెస్తే చెల్లదంటారు. నా ఒంటికి నేను సొంతదారును కానంట. ఎవడో మొహం కూడా తెలియని కంపెనీ వాడంట. వాడు కన్నాడా నన్ను? వాడు కన్నాడా నా బిడ్డను? ఒక్క గడియ పెట్టమంటే మూఢమంటారు, ఆషాఢమంటారు. నా పిల్ల నడిరోడ్డు మీద ఏ తల్లి దగ్గరికి పోవాలో తెలవక నిలబడింది సారూ. అది మీ చిట్టాలో ఎక్కడన్నా రాసి ఉందా? లేకపోతే రాయండి. అది రాసేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను."

మురహరికి ఆవిడ మీద కోపం రాలేదు. నిజానికి అతనికి జాలే వేసింది. అతనికీ పిల్లలున్నారు.

"కూర్చోండమ్మా. మీ బాధ నాకు అర్థమైంది" అన్నాడు. "ఇవాళ దీన్ని మూలం దగ్గరే తేల్చేస్తాను. కాస్త అటు తిరగండి."

ఇన్నాళ్లకు ఒక మనిషి అర్థమైందన్నాడని హైమవతి కళ్లు తుడుచుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది. గుడ్డ రెప్ప హుక్కులు తనే తీసి ఇచ్చింది. మురహరి తలుపు తెరిచి, పలక మీద కిందికంటా చదివాడు. సంతానం వరస అతను ముట్టుకోలేదు. దాన్ని మార్చితే పట్టాభి ఫిర్యాదు పెడతాడు. పట్టాభికి స్థలం కూడా మంజూరైంది. ఇంకా కిందికి వెళితే "గుర్తులు" అని ఒక వరస ఉంది. అందులో తన్విక అన్న పేరు చాలాచోట్ల ఉంది. పురిటినాటి వాన, మొదటి అడుగు, ఆటలమ్మ మచ్చ, నెయ్యన్నం ముద్ద. మురహరి చేతి రుమాలు కొంచెం తడిపి, ఆ వరసను పైనుంచి కింది దాకా శుభ్రంగా తుడిచాడు. చాలాసేపు పట్టింది. ఎక్కడా మరక మిగలకుండా చేశాడు.

"అది రాసేదాకా నేను," అంటూ ఉన్న హైమవతి మధ్యలో ఆగిపోయింది.

"చెప్పండమ్మా. ఇంకేమైనా ఉందా?"

ఆవిడ ఇటు తిరిగి అతని వైపు, హాలు వైపు చూసింది. బుగ్గలు తడిగా ఉంటే, ఎందుకో అర్థం గాక తుడుచుకుంది. "ఏం లేదు సార్" అంది. "పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చానేమో, పోవాల."

"టీ తాగి వెళ్లండి."

ఆవిడ టీ తాగింది. పరిష్కారం పట్ల సంతృప్తి చెందినట్టు చూపించిన చోట సంతకం చేసింది. పాలకంచర్లలో పెండింగు ఫిర్యాదులు లేవని మధ్యాహ్నానికి పైకి రిపోర్టు వెళ్లింది. ఆ నెలలో కమిషనరుకు శాలువా కప్పారు. ఇది న్యాయమా అని అడగాల్సిన మనిషికి అడగాలన్న సంగతే గుర్తు లేదు. ఇంకెవరు అడుగుతారు?

సాయంత్రం మస్తాన్ సాంబారు కోసం కర్రీ పాయింటుకు వచ్చాడు. ఆఫీసులో ఏమైందో కనుక్కుందామని కూడా వచ్చాడు. హైమవతి ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది. మీ ఫిర్యాదు పరిష్కారమైతే ఒకటి నొక్కండి, కాకపోతే కార్యాలయ వేళల్లో సంప్రదించండి, అంటోంది ఫోను.

"నేనేం ఫిర్యాదు ఇచ్చా మస్తానన్నా? నీకేమన్నా తెలుసా?"

ఆవిడ ఒకటి నొక్కి, ఫోను పక్కన పెట్టి, గరిటె అందుకుంది. అప్పుడే తన్విక స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. జ్వరం తగ్గినట్టుంది, ముఖం తేటగా ఉంది.

"ఆంటీ, మా అమ్మ వంకాయ కూర తెమ్మంది."

"ఎవురి పాపవే నువ్వు?" అంది హైమవతి కూర వేస్తూ.

"పాల డిపో వాళ్లం ఆంటీ."

ఇంకో గరిటె ఎక్కువ వేసి మూత పెట్టి ఇచ్చింది. పిల్ల గిన్నె రెండు చేతులా పట్టుకుని జాగ్రత్తగా రోడ్డు దాటి వెళ్లిపోయింది. హైమవతి ఏదో పాట కూనిరాగం తీస్తూ సాంబారు ప్యాకెట్టుకు దారం చుట్టుతోంది.

మస్తాన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. గల్లా పెట్టె దాటి ఆవిడ వెనక్కి వెళ్లి, గుడ్డ రెప్ప ఎత్తి, తలుపు తీశాడు. గుర్తుల వరస తెల్లగా ఉంది. మూడక్షరాలు రాస్తే చాలు. వేలు ఎత్తాడు. రాస్తే ఈ కూనిరాగం ఆగిపోతుంది. ఆ సందుకు పరిగెత్తుతుంది. పిల్ల ఆంటీ అంటుంది. మళ్లీ ఆఫీసుకు పోతుంది, మళ్లీ కుర్చీ వేస్తారు, మళ్లీ అటు తిరగమంటారు. వేలు పలకకు ఆనించకుండానే అతను చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తలుపు మూసి, రెప్ప దించి, రెండు హుక్కులూ పెట్టాడు.

"ఏంది మస్తానన్నా?"

"హుక్కు ఊడింది చెల్లెమ్మా. పెట్టా."

సాంబారు పట్టుకుని ఇంటికి నడుస్తూ, ఇది ఇట్లా వదిలిపెట్టకూడదనుకున్నాడు. రేపు తనే ఆ హాలుకు పోయి, ఆ మురహరిని నలుగురిలో నిలదీయాలనుకున్నాడు. హాలు ఎక్కడుందో ఎవరినీ అడగనక్కర్లేదు, తనకు తెలుసు. కిటికీ పక్క కుర్చీ తెలుసు. అటెండరు తెచ్చే టీలో అల్లం వేస్తారని కూడా తెలుసు. ఒకసారి అక్కడ కూర్చుని టీ తాగాడు. ఫిర్యాదు ఉంటే తప్ప ఎవరూ ఆ హాలుకు పోరు. తను ఎందుకు పోయాడో నడిచినంతసేపూ ఎంత గింజుకున్నా తట్టలేదు.

ఇంట్లో అన్నం వార్చి ఉంది. భార్య మూడు కంచాలు తెచ్చి వేసి, ఒకటి తీసి తిరిగి లోపల పెట్టి వచ్చింది. ఆ మధ్య నుంచీ రోజూ అట్లాగే చేస్తోంది. ఇద్దరూ కూర్చుని తిన్నారు. సాంబారు బాగుందన్నాడు మస్తాన్.